నత్తకు అక్క పేరు

అయ్యో అయ్యో, తొక్కకే! ఆగు. గచ్చు మీద దాని మానాన అది పాకుతుంటే నత్త నిన్నేం చేసింది? కాగితం మీదికి ఎక్కించి కిటికీ అవతల వదిలెయ్. ఆఁ, అలా. మీ నత్తల తాత ఉంటే ఈపాటికి స్నానాల గదిలోనే చతికిలబడి భూతద్దం తెమ్మనేవాడు. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మా అక్క మొగుడు, నాకు బావ. మ్యూజియంలో ఉద్యోగం. ఏం ఉద్యోగమంటే, ఏ నత్త ఏ జాతో తేల్చడం. నవ్వకు, నిజంగానే! సముద్రంలోవి కాదు, నేలమీద పాకేవి. వానలు దంచికొట్టే అడవుల్లో ఎవరెవరో ఏరి డబ్బాల్లో పంపేవాళ్ళు. ఈయన ఒక్కో గుల్లనీ మొన పైకి, నోరు తనవైపు ఉండేలా పట్టుకుని, నోరు కుడిపక్కనుందా ఎడమపక్కనుందా, చుట్లెలా ఉన్నాయి, అడుగున బొడ్డులాంటి గుంట ఉందా లేదా, ఇవన్నీ చూడాలి. భోజనం దగ్గరా అదే గోల. అక్క గిన్నెలో గరిటె తిప్పుతుంటే "ఎడమచుట్టు తిప్పుతున్నావే, చాలా అరుదు" అనేవాడు. నేనప్పుడు టైపు నేర్చుకుంటూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని, అందుకే ఇవన్నీ నా కళ్ళముందు జరిగినవే.

ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, పేరు. ఒకరోజు బావ మొహం వెలిగిపోతూ వచ్చాడు. "ఇదిగో, నీకో బహుమతి తెచ్చాను, కళ్ళు మూసుకో" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి బుద్ధొచ్చిందని అక్క చెయ్యి తుడుచుకుని చాపింది. అగ్గిపెట్టె పెట్టాడు. అందులో దూది, దూదిలో నత్త గుల్ల. "ఇది ఇంతవరకూ ఎవరికీ తెలియని జాతి. దీనికి నీ పేరు పెడుతున్నాను" అన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా మనిషి? తను రాసిన వర్ణన గొంతు సవరించుకుని మరీ చదివాడు. "శరీరం పొట్టి. అడుగుభాగం వెడల్పు. రంగు మాసిన గోధుమ. నోరు పెద్దది. పెదవి పలచన. కదలిక మందం." అక్క అంతా విని, "ఎవరి గురించండీ ఇది?" అంది. "నీ గురించే... అంటే, నత్త గురించే" అన్నాడు. ఇంకేముంది! ఆ వారమంతా మా ఇంట్లో పొయ్యి వెలిగితే ఒట్టు. పాపం నేనేం చేశాను, నాకూ ఎండు రొట్టే.

ఈలోగా బావ పై ఆఫీసరు అడ్డం తిరిగాడు. తలమీద వెంట్రుక లేదు, మేం గుండాయన అనేవాళ్ళం. "ఇది కొత్తదేం కాదయ్యా, పాత జాతి పిల్ల. ఎదిగాక గుల్ల నోటి అంచు, అదే పెదవి, లావెక్కుతుంది, అప్పుడు తెలుస్తుంది. ఆ పేరు కొట్టెయ్" అన్నాట్ట. బావ ఉసూరుమంటూ ఇంటికొచ్చి, "సంతోషించు, నీ పేరు తీసేస్తున్నారు" అన్నాడు. అక్క గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "నా పేరు తియ్యడానికి ఆయనెవరు?" అని అప్పటికప్పుడు మ్యూజియానికి బయల్దేరింది. వెనకాల బావ, ఆయన వెనకాల నేను. "ఏమండీ, నా నత్తని పిల్ల అన్నారట?" "అమ్మా, పెదవి లావెక్కి..." "లావెక్కడం మీరు చూశారా?" "చూడక్కర్లేదమ్మా, ఒకదాన్ని కోస్తే ఒక్కపూటలో తేలిపోతుంది." "కోస్తారా? నా పేరు పెట్టుకున్నదాన్ని? చెయ్యి వెయ్యండి చూద్దాం!" గుండాయన రెండడుగులు వెనక్కేశాడు. చివరికి, ఆ డబ్బాలో ఇంకా బతికున్నవాటిని ఇంటికి తీసుకెళ్ళి పెంచి చూడమని ఒప్పుకున్నాడు. పీడా వదిలితే చాలనుకున్నాడేమో.

అదిగో, అప్పట్నుంచి అక్కని చూడాలి! నత్త పేరెత్తితే చీదరించుకునే మనిషి, అద్దాల తొట్టిలో తడిమట్టి పోసి, దోసకాయ ముక్కలు సన్నగా తరిగి, గుడ్డు పెంకులు దంచి మరీ పెట్టేది. పొద్దున లేస్తూనే వాటి పెదాలు చూడ్డం. "లావెక్కిందంటావా?" "లేదక్కా." "సరిగ్గా చూడవే, వెలుతుర్లోకి జరిపి చూడు!" బావకి మాత్రం అటు చూడాలంటే భయం, పేపరు అడ్డం పెట్టుకుని కూచునేవాడు. ఒకసారి నోరుజారి, నత్తల్లో ఒక్కదానిలోనే ఆడా మగా రెండూ ఉంటాయన్నాడు. "అంటే నాకు మీసాలొస్తాయంటారా?" అని మళ్ళీ ఒక పెద్ద రభస.

ఒకరోజు అక్క కెవ్వున కేకేసింది. బావ గడ్డం సగం గీసుకుని, మిగతా సగం నురగతో పరిగెత్తుకొచ్చాడు. తొట్టిలో మట్టి పక్కకి జరిగి, అడుగున తెల్లగా, హోమియో మాత్రల్లా గుడ్లు! పక్కనే తల్లి, పెదవి మాత్రం కాగితంలా పలచగా అలాగే ఉంది. "గుడ్లు పెట్టిందంటే ఎదిగినట్టే! పిల్ల కాదే, పిల్ల కాదు!" అని బావ అక్కని గట్టిగా వాటేసుకున్నాడు. నేనున్నానన్న ధ్యాస కూడా లేదు. అక్క చెంపంతా నురగ. గుండాయన వచ్చి, తొట్టి చుట్టూ తిరిగి, "ఇవి గుడ్లేనంటారా?" అని గొణిగాడు. "అనుమానముంటే ఒకటి నోట్లో వేసుకు చూడండి" అంది అక్క. వేసుకోలేదులే. పిల్లలు బయటికొచ్చాక ఒప్పుకున్నాడు. పేరు అచ్చయింది, అగ్గిపెట్టెలోని గుల్ల మ్యూజియంలో భద్రమయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అక్క ఆ వర్ణన తనే చదివి వినిపించేది. "అడుగుభాగం వెడల్పు" మాత్రం మింగేసేది.

అక్క పోయాక కూడా బావ ఉద్యోగం మానలేదు. కొత్తగా చేరిన గుమస్తా, తెలియక, "అమ్మగారు కులాసాయేనా సార్?" అన్నాట్ట. "ఆవిడా? మూడో గదిలో, కింది సొరుగులో ఉంది. రా, చూపిస్తాను" అన్నాడట బావ. ఆ గుమస్తా మళ్ళీ ఆ గది ఛాయలకి వస్తే ఒట్టు! మేమంతా పడీపడీ నవ్వాం. బావ నవ్వలేదు. తర్వాతెప్పుడో నేను మ్యూజియానికి వెళ్ళినప్పుడు చూశాను. సాయంత్రం గది తాళం వెయ్యబోతూ, ఆ సొరుగు కొంచెం లాగి, వంగి, "వెళ్ళొస్తానే" అని మళ్ళీ మెల్లిగా మూశాడు...

ఆ టీ ఇటివ్వు. చల్లారిపోయినట్టుంది.