యోహాన్ తెరిచిన పాటల ఫైలు

ఉక్కునగరం సెక్టారు మార్కెట్లో చిట్టమ్మ టీ బడ్డీ. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మగాళ్ళంతా అక్కడే తేలతారు. ఆవేళ యోహాన్ మాత్రం టీ గ్లాసు ముట్టుకోలేదు. చర్చిలో గోడమీద పాటలు వేసే లాప్‌టాప్‌ని కమిటీ అతని దగ్గర్నించి తీసేసి రోజలిన్‌కిచ్చింది. క్రిస్మస్ చూస్తే దగ్గర పడింది. ఆ కమిటీలో ఉన్న అతని బావమరిది కృపాకర్ ఎదురుగా బల్లమీదే కూర్చున్నాడు.

"నన్ను తీసేత్తారా? నన్ను! సిట్టమ్మప్పా, నువ్వే ఇను, నాయం నువ్వే సెప్పు. కిందటి నెల పంట పండగ ఆరాధన. పాస్టరు గారు లెగిసినారు, జనం లెగిసినారు, నాను పెన్‌డ్రైవ్ పెట్టి పాటల ఫైలు మీద రెండు నొక్కులు నొక్కినాను. తెరుసుకోదే! ఇంకోడైతే సెమట్లు పట్టి పారిపోయేవోడు. నానేటి సేసినాను? నెమ్మదిగా రైట్ క్లిక్కు కొట్టి, ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరుసుకోవాలో దానికి సెప్పినాను. తెరుసుకుంది. అంతే. గొప్పలు సెప్పుకోడం నాకు సేతకాదు."

"మంచి పనే గదా, మరెందుకు తీసేసినారు?" అన్నాడు దేవీప్రసాద్. అతను స్టీలు ప్లాంటులో యోహాన్‌తో ఒకే షిఫ్టులో పనిచేస్తాడు.

"అదే గదా నా మంట! ఆ తర్వాత ఏటైందో తెలుసా? పాటొచ్చింది గాని తెలుగక్షరం ఒక్కటి నేదు. అన్నీ డబ్బాలు, డాలరు గుర్తులు, తలకిందుల కొక్కేలు. జనం నోళ్ళు తెరుసుకుని సూత్తన్నారు. నాను మైకు లాక్కుని ఆ డబ్బాల్నే గడగడా సదివేసినాను, రాగంతో సహా! ఏ డబ్బా ఏ అక్షరమో నాకు తెల్దేటి? నా ఎనకాల చర్చి చర్చంతా పాడింది."

"డబ్బాల్ని సదివినావా బావా?" అన్నాడు కృపాకర్.

"మరి సూత్తా కూకుంటానేటి? మద్దిలో అడ్డు రాకు. రెండో చరణం కాడ స్లైడు బిగుసుకుపోయింది. బాణం మీట కొట్టినాను, కదల్దు. ఎంటర్ కొట్టినాను, కదల్దు. నాకు కోపమొచ్చింది. 'దేవుడి పాటకే అడ్డమొత్తావా' అని ఒక్క సూపు సూసినాను. లాప్‌టాప్ దడిసిపోయి మూడో చరణం, నాలుగో చరణం, పైవారం పాటలు కూడా కక్కేసింది! ఆ ఊపుకి ప్రొజెక్టర్ బల్బు టప్పుమని పేలిపోయింది."

"అయ్యో, పాట ఆగిపోయిందా?" అంది చిట్టమ్మ, పాలు కలియబెడుతూ.

"నానుండగా ఆగుద్దేటప్పా? సెల్లు టార్చి ఎలిగించి లాప్‌టాప్ ఎనకాల ఎట్టి, కిటికీలోంచి బయటికి తిప్పినాను. పాట పోయి పోయి ప్లాంటు పొగ్గొట్టం పొగ మీద పడింది."

"పగలా?"

"పగలే! సీకట్లో ఎవడైనా ఏత్తాడు. ఒక్కో అక్షరం మూడంతస్తుల మేడంత! బీ షిఫ్టుకెల్తన్నోళ్ళు బళ్ళాపి పాడినారు. గాలికి పొగ సముద్రం మీదకెల్లింది, పాటా దాంతోనే ఎల్లింది. జాలరిపేట పడవలోళ్ళు సూసి పాడినారు. హార్బరు బయట లంగరేసిన ఓడలో కొరియా కెప్టెను, తెలుగు ముక్క రానోడు, టోపీ తీసి పల్లవందుకున్నాడు! ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆ స్లైడ్ల సాఫ్ట్‌వేర్ సేసిన పెద్దాయన అమెరికా నుంచి ఫోను! 'యోహాన్ గారూ, మాకే సేతకాని పని ఎలాగ సేసినారండీ' అని ఒకటే ఏడుపు. 'ఆరాధనలో ఉన్నాను, ఫోనెట్టెయ్' అన్నాను. అలాటి నన్ను తీసేసి, మొన్నమొన్న మెంబరైన రోజలిన్‌కిత్తారా? క్రిస్మస్‌నాడు ఎక్కడెక్కడి సుట్టాలో వచ్చి ఆ గోడకేసే సూత్తారు. ఆవేళ నాను ఎనక బెంచీలో సేతులు కట్టుకుని కూకోవాలా? కడుపు రగిలిపోతంది కృపాకరూ. కమిటీకి సెప్పు. లాప్‌టాప్ నాకిప్పించు."

కృపాకర్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పిద్దామనే అనుకున్నాను బావా. ఆ అక్షరాలెందుకు పోయినాయో కనుక్కుని, నీ తప్పు నేదని కమిటీలో సెబుదామని మా అప్పని అడిగినాను."

అప్ప అంటే అతని అక్క ఫ్లోరెన్స్, యోహాన్ భార్య. యోహాన్ అప్పుడు టీ గ్లాసు అందుకున్నాడు.

"పంట పండగ ముందురోజు సాయంత్రం లాప్‌టాప్ ఇంటికి తెచ్చినావట. నెమ్మదిగా నడుత్తందని లోపలున్నవన్నీ ఏరి పారేసినావట. 'ఇన్ని రకాల అక్షరాలెందుకే, ఒక్క రకం సాలదా' అని తెలుగు ఫాంట్లన్నీ నువ్వే పీకేసినావట. అప్ప పక్కనే కూకుని సిక్కుడుకాయలు ఒలుత్తందట. వద్దయ్యా అని మొత్తుకుందట. ఆ పాట అందరికీ నోటికొచ్చు గనక కళ్ళు మూసుకుని పాడేసినాం గాని, నీ డబ్బాల్ని సూసి కాదు. మర్నాడు కూకుని ఆ ఫాంట్లన్నీ మళ్ళీ ఎక్కించింది రోజలినే."

చిట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవీప్రసాద్‌కి టీ పొలమారింది. యోహాన్ ఒక్కొక్కళ్ళ మొహం చూశాడు. లేచి, బండి దాకా వెళ్ళి, స్టాండు తీసి, మళ్ళీ వేసి, గబగబా వెనక్కొచ్చి బల్లమీద చరిచాడు.

"సరే, పీకినాననే అనుకో. లాప్‌టాప్ స్పీడు పెరిగిందా నేదా? అది మాత్రం ఒక్కడూ సెప్పడేటి కమిటీలో!"