రెండు అంకెల మధ్య ముప్పై ఆరేళ్ళు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మా వాతావరణ పరిశోధన శాఖలో శాస్త్ర సహాయకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించి, అంచెలంచెలుగా ఎదిగి, భావి శీతోష్ణస్థితి అంచనాల విభాగానికి అధిపతిగా ఈ మాసాంతాన పదవీ విరమణ చేయనున్న మా సహోద్యోగిని గారి కృషిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకునే అవకాశం నాకు లభించింది. లభించిందని మర్యాద కోసం అంటున్నాను. నిజానికి సంపాదక వర్గం వారు నా నెత్తిన పెట్టారు. ఆమె చేరిన రెండేళ్ళకు నేను చేరాను. ఆనాటి నుంచి ఆమె ఎదుటి బల్ల నాది. పొగడడం నాకు బొత్తిగా చేతకాదని మొరపెట్టుకుంటే, "చేతకాదు కాబట్టే మీరు రాస్తే జనం నమ్ముతారు" అని నా నోరు మూయించారు.

ఆమె చేరిన నాటికి మా శాఖలో చల్లగా ఉండేది కంప్యూటర్ గది ఒక్కటే. ఎండాకాలం వచ్చిందంటే మాలో చాలామందికి ఆ గదిలో ఏదో ఒక పని తగిలేది. నిజంగా పని ఉండి వెళ్ళినది ఆమె ఒక్కరే. పరిశీలన కేంద్రాలలో దశాబ్దాల తరబడి పోగుపడిన ఉష్ణోగ్రతల వివరాలను కంప్యూటర్‌కు ఎక్కించి, తప్పులు ఏరి, ఉష్ణమాపకం చోటు మారినందువల్ల వచ్చిన తేడా ఏదో, గాలి వేడెక్కినందువల్ల వచ్చిన తేడా ఏదో విడదీయడం ఆమెకు అప్పగించిన తొలి బాధ్యత. ఎవరికైనా విసుగెత్తించే ఆ కార్యాన్ని ఆమె అపారమైన నిష్ఠతో నిర్వహించి, మా ప్రాంతంలో పగటి వేడి కంటె రాత్రి వేడి త్వరగా పెరుగుతున్నదని, నేల పగలంతా పుచ్చుకున్న వేడిని తెల్లవారేలోగా వదిలించుకోలేకపోతున్నదని మా శాఖలో తొలిసారిగా నిరూపించారు. అప్పటి మా పెద్దాయన ఆ నివేదిక చదివి, "రాత్రిపూట ఉక్కపోస్తోందని చెప్పడానికి ఇంత పెద్ద యంత్రం కావాలామ్మా? మా ఆవిడ ఉచితంగా చెబుతుంది" అన్నారు.

"అమ్మగారు ఈ రాత్రి సంగతి చెబుతారు సార్. మీ మనవరాలు పెద్దయ్యాక రాత్రులు ఎలా ఉంటాయో ఎవరు చెబుతారు?" అని ఆమె అడిగారు.

ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టారు. భావి అంచనాల విభాగం ఆ సంతకంతోనే పుట్టింది.

ఆ విభాగంలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమెను మేమందరం 'దాకా మేడమ్' అంటున్నాం. చాటుగా కాదు, ఎదురుగానే అంటాం. ఆమె పలుకుతారు కూడా. ఏ ప్రశ్న వేసినా 'ఇంత నుంచి ఇంత దాకా' అని రెండు అంకెలు చెప్పడమే తప్ప ఒక్క అంకె ఆమె నోట రాదు. బొగ్గు, చమురు మండించి గాలిలోకి వదులుతున్న వాయువులను మనుషులు రేపు తగ్గిస్తారో పెంచుతారో ఏ శాస్త్రమూ ముందుగా చెప్పజాలదు. ఆ వాయువులకు సముద్రమూ మబ్బులూ మంచూ ఎంతగా స్పందిస్తాయో కూడా కొంతమేరకే తెలుసు. కనుక భవిష్యత్తును ఒక్క అంకెలో చెప్పడం అబద్ధమని, రెండు అంకెల నడుమ నిలిపి చెప్పడమే నిజాయితీ అని ఆమె సిద్ధాంతం. సిద్ధాంతం గొప్పదే. దానితో వేగడమే కష్టం. "భోజనానికి ఎప్పుడు లేద్దాం మేడమ్?" అంటే "ఒంటిగంట నుంచి రెండు దాకా" అనేవారు. ఎదుటి బల్లవాణ్ణి, నేను ఎన్ని మధ్యాహ్నాలు ఆకలితో నకనకలాడానో ఆ దేవుడికే తెలుసు.

ఇక ఇంట్లో సంగతి. వారి భర్తగారు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. ఒక లెక్కకు రెండు జవాబులు రాస్తే రెండూ కొట్టేసే మనిషి. ఒకనాడు మా ఆఫీసుకు వచ్చి నా దగ్గర గోడు వెళ్ళబోసుకున్నారు.

"ఏం చెప్పమంటారండీ! పొద్దున్నే మా అమ్మ అడుగుతుంది, ఎప్పుడొస్తావమ్మా అని. ఈవిడేమో ఆరు నుంచి ఎనిమిది దాకా అత్తయ్యా, అంటుంది. మా అమ్మ మధ్యస్థంగా ఏడింటికి వండేస్తుంది. ఆరింటికొస్తే అన్నం ఉడకదు, ఎనిమిదింటికొస్తే కూర చల్లారిపోతుంది. తిట్లు మాత్రం నాకు. నేనేం చేశానండీ మధ్యలో?"

దాకా మేడమ్ తెర మీదినుంచి చూపు తిప్పకుండానే, "ఏడింటికి వస్తానని నేనెప్పుడైనా అన్నానా?" అన్నారు. మాస్టారు నా వంక చూసి నిట్టూర్చారు.

మాస్టారి ఇంట్లో చల్లారినది కూరే. అదే పొరపాటు మా పట్టణంలో మరొకచోట జరగబోయింది. ఈ వ్యాసం నేను ఒప్పుకున్నది అసలు ఆ సంగతి చెప్పడానికే.

నది ఒడ్డున కొత్త ఆస్పత్రి కట్టదలచి, పెద్ద వరద వస్తే ఆ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయో చెప్పమని పురపాలక సంఘం వారు మా శాఖను కోరారు. గాలి వేడెక్కేకొద్దీ అందులో పట్టే తేమ పెరుగుతుందని, ఆ తేమ కురిసినప్పుడు కుంభవృష్టిగా కురుస్తుందని, అందువల్ల పాత వరదలను చూసి కొత్త గోడలు కట్టుకుంటే చాలదని సవిస్తరంగా వివరించి, వీధి మట్టం మీద అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా నీళ్ళు నిలవవచ్చునని ఆమె నివేదిక సమర్పించారు. నిర్మాణ సంఘం వారు ఆ నివేదికను ఎంతో గౌరవంగా స్వీకరించారు. స్వీకరించి, రెండు అంకెలనూ కూడి, రెండుతో భాగించి, ఒకటింబావు మీటరని రాసుకున్నారు. ఆ ఎత్తున చుట్టూ ప్రహరీ కట్టి, జనరేటర్లు, కరెంటు ప్యానెళ్ళు, ఆక్సిజన్ యంత్రం అన్నీ సెల్లార్‌లో పెట్టడానికి ప్లాను గీశారు. ప్లాను కింద 'శాస్త్రీయ అంచనా ప్రకారం' అని మా శాఖ పేరు కూడా వేశారు.

ఆ ప్లానుకు ఆమోదముద్ర వేసే సమావేశానికి ఆమెతో నేనూ వెళ్ళాను. పొడవాటి బల్ల, ట్యూబులైట్లు, ఎవరి మాటా వినిపించనివ్వని ఏసీ. అందరూ తలలూపుతున్న వేళ ఆమె లేచి నిలబడి, "ఆ అంకె నాది కాదు" అన్నారు.

ఆర్కిటెక్టు గారు ఓపికగానే చెప్పారు. "మీదే మేడమ్. మీ రెండు అంకెల సగటు."

"సగటు చెయ్యమని నేను చెప్పలేదు కదండీ."

"మీరు ఒక్క అంకె చెప్పరు. మాకు ఒక్క అంకె కావాలి. నుంచి-దాకా అని గోడ కట్టలేం కదా మేడమ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను; మాట బాగుంది మరి. ఆమె కూడా నవ్వి, "మీ అమ్మాయి పెళ్ళెప్పుడండీ?" అని అడిగారు.

"వచ్చే నెల్లో."

"ఎంతమంది వస్తారనుకుంటున్నారు?"

"మూడొందల నుంచి ఐదొందల దాకా..." అని ఆర్కిటెక్టు గారు చటుక్కున ఆగారు.

"అయితే నాలుగొందలమందికి వండిస్తున్నారా?"

"అదెలా కుదురుతుంది మేడమ్? ఐదొందలమందికీ చెప్పాం. భోజనం తక్కువైతే పరువు పోదూ?"

"పెళ్ళిలో తక్కువైతే పరువు పోతుంది. ఇక్కడ తక్కువైతే ఏం పోతుందో చూడండి. మూడో అంతస్తులో నెలలు నిండని బిడ్డల్ని పెడుతున్నారు. వాళ్ళు పడుకునే పెట్టె వెచ్చగా ఉండాలన్నా, ఊపిరి ఆడాలన్నా కింది సెల్లార్‌లోంచి కరెంటు రావాలి. నీళ్ళు లోపలికొస్తే ఆ కరెంటు సగం ఉండి సగం పోదండీ. మొత్తం పోతుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆర్కిటెక్టు గారు ప్లాను చుట్టేశారు. పట్టుదలకు పోక, పొరపాటును పొరపాటుగా ఒప్పుకున్న ఆ పెద్దమనిషికి ఈ సంచిక ముఖంగా నమస్కరిస్తున్నాను. మళ్ళీ తెరిచిన ప్లానులో ఆక్సిజన్ యంత్రం రెండు మీటర్లు మించిన అరుగు మీదికి ఎక్కింది. జనరేటర్లు, ప్యానెళ్ళు రెండో అంతస్తుకు చేరాయి. చేరింది ఎక్కడికయ్యా అంటే, సూపరింటెండెంటు డాక్టరు గారి కోసం నది వైపు పెద్ద కిటికీలతో అట్టిపెట్టిన గదిలోకి. ఆయనను కింది అంతస్తులో గోడ వైపు గదికి దింపారు. ఆయన నొచ్చుకున్నారనడం తక్కువ మాట. ఆ తరువాత ఏ సమావేశంలో ఎదురుపడినా, "మీ దయవల్ల మేడమ్, జనరేటరుకు నది కనిపిస్తోంది, నాకు గోడ కనిపిస్తోంది" అని దెప్పకుండా వదిలేవారు కారు.

అంతటితో పోలేదు. 'ఏదీ తేల్చి చెప్పలేని మనిషి' అని ఎవరో మా పైవారి చెవిన వేశారు. ఆ ఏడాది రావలసిన విభాగాధిపతి పదవి ఆమెకు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం, "పదవి తర్వాతైనా వస్తుందండీ. పోసిన సిమెంటును మళ్ళీ తవ్వలేం" అని తన పనిలో పడ్డారు.

ఆస్పత్రి తెరిచిన నాలుగో ఏట, అంటే ఆరేళ్ళ కిందట, ఆ వరద వచ్చింది. ముందురోజు మొదలైన వాన తెరిపి ఇవ్వలేదు. మధ్యాహ్నానికి నది వీధుల్లోకి వచ్చింది. పట్టణమంతటికీ కరెంటు పోయింది. ఎత్తున ఉన్న మా కార్యాలయంలో బ్యాటరీల మీద ఒక్క తెర వెలుగుతుంటే, ఆస్పత్రి గేటు దగ్గర మేము బిగించిన నీటిమట్టం పరికరం పంపే అంకెలను చూస్తూ అందరం దాని చుట్టూ మూగాం. అర మీటరు. మీటరు. ఒకటింబావు దాటినప్పుడు ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నీళ్ళు ఆగలేదు.

"రెండు కూడా దాటితే?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఆక్సిజన్ యంత్రం మునుగుతుంది" అన్నారామె. "అప్పుడు తప్పు నాదేనండీ. ఆ అంకె నాదే."

ఒకటిముప్పావు దగ్గర, ఆమె చెప్పిన పై అంకెకు జానెడు దిగువన, నీరు నిలిచిపోయింది. మేము ఊపిరి పీల్చుకునేలోగా ఆమె ఫోను మోగింది. సూపరింటెండెంటు గారు. అందరికీ వినపడాలని నేనే స్పీకరు నొక్కాను.

"మేడమ్, నా గది మునిగిపోయింది. కుర్చీ, బల్ల, గోడకి పెట్టుకున్న సర్టిఫికెట్లు, అన్నీ ఈదుతున్నాయి."

"అయ్యో, డాక్టరు గారూ..."

"నన్ను చెప్పనివ్వండి. పైన జనరేటరు బ్రహ్మాండంగా నడుస్తోంది. పిల్లల వార్డులో ఒక్క లైటు ఆరలేదు. ఆక్సిజన్ ఉంది. పధ్నాలుగుమంది బిడ్డలూ వెచ్చగా పడుకుని ఉన్నారు. ఒక్కర్ని కూడా కదపాల్సిన పని పడలేదు మేడమ్. ఒక్కర్ని కూడా. ఇన్నేళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను. ఆ గది ఇక జనరేటరుదే. నాకొద్దు."

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు విని, మా గది కప్పు ఎగిరిపోయేలా కేకలు వేశాం. గంభీరులుగా పేరున్న మా అధికారులు ఒకరినొకరు కావలించుకున్నారు. దాకా మేడమ్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. మూడు దశాబ్దాలుగా తెర మీద గీతలు గీస్తూ వచ్చిన మా శాఖ ఒక మనిషి ప్రాణాన్ని చేత్తో ముట్టుకున్నట్లు అనిపించిన రోజు నా సర్వీసులో అదొక్కటే.

ఇంతటి విజయం తరువాత కొన్నాళ్ళు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటారని అనుకున్నాను. ఆ తరువాతి సోమవారమే ఆమె లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి వేయసాగారు. ఎందుకంత తొందర అంటే, "జానెడే మిగిలిందండీ" అన్నారు. ఆ లెక్కల ఫలితంగానే నేడు మా పట్టణంలో ప్రజల కోసం కట్టే ఏ భవనమైనా పై అంకెను చూసుకునే కడుతున్నారు. ఆ నిబంధన కోసం ఊరంతా తిరిగి వాదించింది ఆ ఆర్కిటెక్టు గారే కావడం మరింత ఆనందదాయకం. విభాగాధిపతి పదవి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఎక్కడ మాట్లాడినా ఆమె చెప్పేది ఒకటే: పై అంకెకు తట్టుకునేలా కట్టుకుందాం, కింది అంకె దగ్గరే ఆగేలా పొగ తగ్గించుకుందాం. రెండో సగాన్ని ముందుగా చెవికెక్కించుకున్నది సూపరింటెండెంటు గారు. ఆస్పత్రి పైకప్పు మీద ఈనాడు మెరుస్తున్న సౌర ఫలకాలు ఆయన పట్టుబట్టి వేయించినవే.

మొన్న ఆమె బల్ల సర్దుకుంటుంటే, వచ్చే నెల నుంచి ఏం చేస్తారని అడిగాను.

"ఆ పిల్లలు ఈ ఏడు ఒకటో తరగతిలో చేరారటండీ. డాక్టరు గారు చెప్పారు. నేను వాళ్ళని ఒక్కసారి కూడా చూడలేదు. వెళ్ళి చూసొస్తాను."

వెళ్ళి చూడండి మేడమ్. మీ అంచనాల గీత ఈ శతాబ్దం చివర ఏ అంకె దగ్గర ఆగుతుందో మనలో ఎవరమూ చూడబోము. ఎనభై దాటిన వయసులో ఆ పధ్నాలుగుమందీ చూస్తారు. బడి గేటు దగ్గర నిలబడిన మిమ్మల్ని వారు గుర్తుపట్టరు. దీపం ఆరని రోజును ఎవరు గుర్తుంచుకుంటారు? వారు మిమ్మల్ని దాటుకుని అల్లరిగా, ఆయాసపడకుండా పరుగెడతారు. ఆ పరుగు చూస్తూ మాస్టారితో, అత్తగారితో, పిల్లాపాపలతో మీరు ఆయురారోగ్యాలతో చిరకాలం సుఖంగా ఉండాలని, ఆ పిల్లలు చదువులు ముగించి ఏ ఉద్యోగంలో చేరినా ఆ మొదటిరోజు సంగతి మీ చెవిన పడేటంతటి దీర్ఘాయువు మీకు కలగాలని, మా శాఖలోని చిన్నా పెద్దా అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.