మేత మానిన పురుగులు

హలో… ఊఁ, ప్రిన్సీనే మాట్లాడేది. ఎవురూ?… ఓహో, నెల్సన్ సారా! లెక్కల సారుకి బయాలజీ మేడం గుర్తొచ్చిందే!

చెప్పండి… యా పురుగులు?… ఓ, నా పట్టుపురుగులా! లెక్కలూ బయాలజీ కలిపి నేను రాసిన కోర్సులోంచి నన్నే తప్పించి, తట్టతో సహా ఎత్తుకోని పొయినారే, అవేనా?…

మేత ముట్టలేదా… తలలెత్తుకోని కదలకుండా ఉన్నాయా… ఊఁ… మరి ఏం చేసినారు?…

ఏమీ! చచ్చినాయని చెత్తబుట్టలో పోసినారా?… అయ్యో దేవుడా! ఉండండి సార్, కొంచెం నవ్వనీండి…

చావలేదు సార్. పొర విడిచే ముందర అవి అట్లే ఉంటాయి. మేత మానేస్తాయి, బరువు పెరగదు. పొర విడిచి లేచినాక మళ్ళీ తింటాయి. ఊరూరా పట్టుపురుగులు పెంచే కోలారులో ఉంటా ఇది తెలీనోళ్ళు మీరొక్కరే…

అందుకే గదా పురుగుల బరువుకి నేను గీసిన గ్రాఫులో మధ్య మధ్య మెట్లుండేది! మీరేమో అది తప్పని కొట్టేసి, గీతని నున్నగా పైకి లాగినారు… సార్, ఆ మెట్టే పాఠం! బయాలజీ పిల్లోళ్ళకి లెక్క అర్థమయ్యేది ఆడే, లెక్కల పిల్లోళ్ళకి పురుగు అర్థమయ్యేదీ ఆడే.

ముందే యాల చెప్పలేదా?… చెప్పబోతే మీటింగులో ఏమన్నారు? అందరి ముందర?… మరిచిపొయినారా? "లెక్కలు మేం చూసుకుంటాం, నువ్వు పోయి కప్పలు కోసుకోమ్మా" అన్నారు. అందరూ నవ్వినారు. నేను మరవలేదు. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్లో పుట్టినదాన్ని సార్. గని మూసేసినోళ్ళ మీద మా నాయనకి ఇంగా కోపమే. మా ఇంట్లో కోపం చల్లారదు.

ఆ… కోర్సు చూసేదానికి కమిటీ వస్తా ఉండాది, తెలుసు… ఇప్పుడా? మీ పేరు కింద నా పేరు చేరుస్తారా?… నేను రాసిన కోర్సుకి నా పేరు మీరు చేర్చేదేంది సార్! సిగ్గుండాల!

నేనా? బంగారుపేట స్టేషన్లో ఉన్నా… నిన్న ప్రిన్సిపాల్ సారు ముందర మీ గీత, నా గీత పక్కపక్కన పెట్టినాను. కమిటీవాళ్ళని నువ్వే పిల్చుకోని రామ్మా అన్నాడు…

ఒట్టి చేతుల్తో రాలేదు. ఒడిలో తట్ట ఉండాది. అదే విడత పురుగులు, నా ఇంట్లో పెంచినవి. పొద్దున్నే లేచినాయి. ఫోను దగ్గర పెడతా, వినండి…

వినిపించిందా? ఆకు తినే సద్దు సార్ అది…

ఏడ్చినా లాభం లేదు. రైలొచ్చేసింది. కమిటీ ముందర ఫస్ట్ ఇయర్ క్లాసు నేనే చెప్తా, మీరు వెనక బెంచీలో కూర్చోండి… ఇష్టం లేదా? అయితే ల్యాబుకి పోండి. కప్పలుండాయి, కోసుకుంటా కూర్చోండి. పెట్టేస్తా ఉన్నా.