గడప మీద గిన్నె

గుమ్మం ముందు పెట్టి పోవచ్చు కదా ఆంటీ అంటావేందమ్మాయ్? పెట్టను. నువ్వు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నావని తెలుసు, నిద్ర చెడగొట్టానని తెలుసు. అయినా నువ్వు లేచొచ్చి తలుపు తీసి ఈ గిన్నె నీ చేత్తో అందుకున్నదాకా నేను కదలను. లోపల టీవీ మోగతంది, మాటలు వినపడతన్నాయి, అవేవీ నాకు లెక్కలోకి రావు. నవ్వకు అబిగేయిలూ. చాదస్తం అనుకుంటావో ఏమనుకుంటావో అనుకో. కూర్చోమంటే కూర్చుంటా, కాళ్ళు లాగతన్నాయి. ఆఁ, టీ పెట్టు, చక్కెర వద్దు. గిన్నె నా ఒళ్ళోనే ఉండనీ, తర్వాత ఇస్తా. మా ఆయన్ని నువ్వు చూళ్ళేదు కదూ? అవున్లే, నువ్వు ఈ దేశం వచ్చేసరికే ఆయన పోయాడు.

శౌరి మేష్టారంటే మా ఫిరంగిపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. డ్రిల్లు మేష్టారు. మెళ్ళో ఈల, చేతిలో బెత్తం, ఆ బెత్తంతో ఒక్క పిల్లోణ్ణి కొట్టింది లేదు, ఊరికే ఆడించేవాడు. నేను ముందొచ్చా ఇక్కడికి, ముసలోళ్ళుండే నర్సింగ్ హోంలో వాళ్ళని చూసుకునే కేరర్ పని మీద. ఆయన తర్వాతొచ్చి ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడగడానికి కుదిరాడు. మేష్టారువై ఉండి ఇదేంది మావయ్యా అని మా అన్న కూతురు ఫోన్లో ఏడిస్తే, "ఆట మారిందమ్మా, అంతే" అన్నాడు. అట్టాంటి మనిషి. ఈ టాలట్‌లో ఇల్లు తీసుకున్నప్పుడు పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు, డెర్మట్ అని. రెండిళ్ళకీ మధ్యన ఒకటే గోడ. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఒక్క మేనకోడలు మాత్రం ఉంది, నోరా అని, నాస్‌లో. వయసులో ఉండగా శాన్‌ఫ్రాన్సిస్కో పోయి ఇళ్ళకి పైకప్పులు వేశాడంట ముప్ఫై ఏళ్ళు. తిరిగొచ్చాడు గానీ ఆయన ప్రాణం అక్కడి బేస్‌బాల్ టీం మీదే ఉండిపోయింది. ఆ అమెరికా ఛానల్ ఏదో పెట్టించుకున్నాడు. వాళ్ళకి సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆట మొదలు, మనకది తెల్లారుగట్ల మూడు. ఆ వయసులో, ఆ చలిలో, దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని చూసేవాడు. చెవుడు కూడానూ, సౌండ్ పెద్దగా పెట్టేవాడు.

ఇంక కరోనా వచ్చింది. హోటల్ మూశారు. ఆయన ఇంట్లో, నేను రోజూ రాత్రి నర్సింగ్ హోంకి. అక్కడ పెద్దోళ్ళు వరసబెట్టి పోతన్నారు, నేను స్నానం చేయించి తల దువ్విన మనుషులే. వాళ్ళ పిల్లలు కిటికీ అద్దం బయట నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు. వద్దులే, ఆ సంగతి ఇప్పుడొద్దు. ఆయనకేమో గుండెలో స్టెంటు. ఆ జబ్బు తెచ్చి ఎక్కడ అంటిస్తానో అని నేను మేడ మీద ముందు వైపు చిన్న గదిలో పడుకునేదాన్ని, ఆయన వెనక గదిలో. అన్నం వండి, పళ్ళెం నా గుమ్మం ముందు పెట్టి, తలుపు మీద ఒక్క దెబ్బ కొట్టి కిందికి దిగిపోయేవాడు. నేను తలుపు తీసేసరికి పళ్ళెం ఉండేది, మనిషుండడు. ఆ ఏడాది అందరం అట్టాగే బతికాం. ఏదైనా గడప మీద పెట్టడం, దూరం జరగడం.

మరి ఒంటరిగా ఆయనకి నిద్దరేం పట్టుద్ది? గోడ అవతల ఆ ఆట గోల. ఒకరోజు పెరట్లో గోడ మీదుగా అడిగాడు, ఏంది సార్ ఆ ఆట అని. ఆ పెద్దాయనకి అడిగేవాడు దొరకడమే పండగ. చీపురు కర్ర పట్టుకుని పెరట్లో ఆడి చూపించాడు. మా ఆయన లోపలికొచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచి, "సంతోషం, ఇది మన బిళ్ళంగోడేనే, పెద్దయి అమెరికా పోయింది" అన్నాడు. ఎంత నవ్వుకున్నామో ఆ రోజు. అదే మేం బాగా నవ్వుకున్న ఆఖరు రోజు అనుకుంటా. ఇంక చూడు, ఈయన కూడా ఫోన్లో ఆ ఆట పెట్టుకుని మూడింటికి మేలుకోవడం. వాళ్ళ టీం గట్టిగా కొట్టిందనుకో, డెర్మట్ చేతికర్రతో గోడ మీద టక టక. ఈయన ఇటునుంచి ఈలతో టక టక. ఆ పాత ఈల, డ్రిల్లు ఈల, దాచుకునే ఉన్నాడు మరి. సెలవుండి నేను ఇంట్లో పడుకున్న రాత్రి ఊదితే నాకు నిద్ర చెడుద్దని ఊదేవాడు కాదు. గోడకి కొట్టేవాడు, అంతే.

ఇంకోటి చెప్పాలి నీకు, ఇది ముఖ్యం. ఆ ఏడాది స్టేడియాల్లోకి జనాన్ని రానివ్వలేదు. కుర్చీల్లో అట్ట బొమ్మలు పెట్టారు, మనుషుల ఫొటోలు అంటించి. అయినా టీవీలో జనం అరుపులు వినపడతానే ఉండేవి. మా ఆయన అడిగాడు, "డెర్మట్, అక్కడ ఒక్కడూ లేడు కదా, ఆ అరిచేది ఎవరు?" అని. డెర్మట్ పకపకా నవ్వి, "మిషన్లోంచి వేస్తారు షోరీ, ఉత్త చప్పుడు. దాన్ని నమ్మకు" అన్నాడంట. శౌరి అని నోరు తిరక్క షోరీ అనేవాడు. ఈయన వచ్చి నాకు చెప్పి ఆశ్చర్యపోతాడు, మనుషుల్లేకుండా మనుషుల చప్పుడంట సంతోషం అని.

ఆగస్టులో సంగతి. డెర్మట్ పగలు కూడా రాత్రి ఆటే మళ్ళీ పెట్టుకుని చూడటం మొదలెట్టాడు. నాకైతే ఒళ్ళెరగని నిద్ర, నేనేం అనలా. ఈయనే, నా మీది ప్రేమకి, పెరట్లో నిలబడి మెల్లిగా చెప్పాడు, "మా ఆవిడ రాత్రంతా పనిచేసొచ్చి పడుకుంటది, పగలు కాస్త తగ్గిస్తారా" అని. పాపం డెర్మట్ మొహం ఎర్రగా అయిపోయిందంట. సారీ షోరీ, సారీ, సారీ, అని లోపలికి పోయాడంట. రెండ్రోజులు పగలు చీమ చిటుక్కుమంటే ఒట్టు. రాత్రి టక టకలు కూడా తగ్గిపోయాయి. ఆ తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి సౌండ్ పెద్దగా పెట్టాడు. ఇంక తగ్గించలా. రాత్రి మోగుద్ది, పగలు మోగుద్ది, తిరిగి రాత్రి మోగుద్ది. ఈయన టక టక కొడితే అటునుంచి పలుకు లేదు. "అలిగాడే" అన్నాడు మా ఆయన. "పంతానికి పెంచాడు. నేను అనకుండా ఉండాల్సింది." ఈ దేశపోళ్ళు అలగరండీ, సారీ చెప్పి ఊరుకుంటారు, ఇన్నేళ్ళు వీళ్ళ పెద్దోళ్ళని చూస్తన్నా కదా, అన్నా నేను. "మనిషన్నాక అలగడా?" అని నన్నే కసిరాడు.

అలిగిన మనిషికి మనమేం చేస్తాం? అన్నం పెడతాం. చికెన్ పులావు వండాడు, డెర్మట్ కోసమని కారం తగ్గించి. గిన్నెలో పెట్టి, పైన రేకు కాగితం కప్పి, వాళ్ళ గడప మీద పెట్టి, బెల్లు కొట్టి, రూలు ప్రకారం దూరం జరిగి, కాసేపు నిలబడి వచ్చేశాడు. మర్నాడు పొద్దున చూస్తే గిన్నె ఖాళీ. ఎంత సంబరమో! నేను గేటు తీస్తండగానే ఎదురొచ్చి, "నాకినట్టు తిన్నాడు సంతోషం, ఒక్క మెతుకు మిగల్చలా. కాకపోతే గిన్నె పూలచెట్టులోకి విసిరేశాడు. ఇంకా కోపం పోలా" అన్నాడు. ఆ రోజు మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఖాళీ. ఈ లోపల ఆ నోరా ఫోన్ చేసింది. అప్పుడు కరోనాకి కిల్డేర్ కౌంటీ, అదే ఆ జిల్లా, మొత్తం మూసేశారు, గుర్తుందా, నువ్వు లేవుగా. నాస్ కూడా అందులోనే. కారులో అరగంట దూరం, రావడానికి లేదు. మామయ్య ఫోన్ ఎత్తట్లేదు, బాగానే ఉన్నాడా అని అడిగింది. మా ఆయన ఇంగ్లీషు నీకు తెలీదు కదా. "హీ ఈజ్ గ్రాండ్ మేడం! టీవీ ఆన్, డే అండ్ నైట్. మై ఫుడ్ ఈటింగ్, ఫుల్ ప్లేట్!" ఆ పిల్ల అమ్మయ్య అని ఊపిరి పీల్చుకోవడం నాకు పక్కనుంచి వినపడింది. మీరున్నారు కాబట్టి నాకు ధైర్యం అంది. ఈయన ఛాతీ ఇంత చేసుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దున నేను లువాస్ ట్రాం దిగి నడిచొచ్చా. గేటు దగ్గరికి రాగానే మాస్క్ తీసేసేదాన్ని, అదొక అలవాటు. తీశా. డెర్మట్ గడప మీద నక్క. ఇక్కడ ఊళ్ళోనే తిరుగుతాయి కదా, కుక్కల్లా. గిన్నెలో మూతి పెట్టి తింటంది. నన్ను చూసి తల ఎత్తింది, భయం లేదు, మళ్ళీ తినడంలో పడింది. రేకు కాగితం చింపి పక్కన పడేసి ఉంది. ఆ తర్వాత వాసనొచ్చింది. తలుపు కింద సందులోంచి. నీకు చెప్పక్కర్లేదు, నువ్వూ ఆ పనే చేస్తన్నావు, ఒకసారి తెలిసిన వాసన మళ్ళీ పొరపాటు పడం. లోపల్నేమో ఆట జోరుగా నడుస్తంది, జనం ఒకటే అరుపులు.

మా వంటింట్లోకి పోతే ఈయన ఉల్లిపాయలు తరుగుతన్నాడు. "ఇవ్వాళ చేపల పులుసు పెడదామా, తింటాడంటావా" అన్నాడు. ఏవండీ, పొయ్యి కట్టేయండి, పోలీసు గార్డుల్ని పిలవాలి అన్నా. నా మొహం చూశాడు. "టీవీ మోగతంది కదే!" అన్నాడు. రెండుసార్లు అన్నాడు, చిన్నపిల్లోడిలా. గార్డులొచ్చారు, ఇద్దరూ చిన్నోళ్ళే, ఒకమ్మాయి, ఒకబ్బాయి. తలుపు పగలగొట్టి లోపలికి పోయారు. కుర్చీలోనే ఉన్నాడంట, దుప్పటి కప్పుకుని, ఎన్నో రోజులై. ఆ అమ్మాయి బయటికొచ్చి పిట్టగోడ మీద కూర్చుని టోపీ తీసేసింది. అప్పటికీ మా ఆయన నిలబడే ఉన్నాడు. లోపల ఎవరో టీవీ కట్టేశారు. ఆ చప్పుడు ఆగింది చూడు, అప్పుడు కూలబడ్డాడమ్మా, మా వాకిట్లో, చేతిలో ఉల్లిపాయ పట్టుకుని. "డెర్మట్ నాకు ముందే చెప్పాడు సంతోషం, అది ఉత్త చప్పుడు, నమ్మకు అని" అన్నాడు.

అంత్యక్రియలకి మాత్రం నోరాని రానిచ్చారు. చర్చిలోకి మనుషుల్ని లెక్కపెట్టి పంపుతుంటే మేం బయట నిలబడ్డాం. అయిపోయాక ఆ పిల్ల మా దగ్గరికొచ్చి, దూరంగా నిలబడి, మిమ్మల్ని ఒకటి అడగనా అంది. డాక్టర్లు ఏ రోజు పోయాడో సరిగ్గా చెప్పలేకపోయారంట. "మొదటి రోజు మీరు పెట్టిన అన్నమైనా తిన్నాడా?" అని అడిగింది. మా ఆయన నా వైపు చూశాడు. నక్క సంగతి నేను ఆయనకి చెప్పలా. ఎట్టా చెప్పేది? "తిన్నాడమ్మా, మొత్తం తిన్నాడు" అని నేనే చెప్పా. ఆ పిల్ల ఏడుస్తా థాంక్యూ చెప్పింది. అప్పట్నుంచి మా ఆయన అదే పట్టుకున్నాడు. నాకు డ్యూటీ లేని రాత్రి, తెల్లారుగట్ల మెలకువొస్తే వచ్చి నా గది తలుపు బయట నిలబడి, "మొదటి రోజైతే తిన్నాడు కదా సంతోషం" అనేవాడు. తిన్నాడండీ, పడుకోండి, అనేదాన్ని. ఎన్ని రాత్రులో. ఆ ఒక్క మాట మీదే మనిషి నిలబడ్డాడు.

అక్టోబర్లో అనుకుంటా, పొద్దున్నే చెత్త డబ్బా బయట పెట్టడానికి పోయాడు. నేను పైనుంచి కిటికీలో చూస్తన్నా. మా వాకిట్లో నక్క, ఎవరి గడప మీదిదో పళ్ళెం ఈడ్చుకొచ్చి నాకుతంది. ఈయన డబ్బా పట్టుకుని అట్టాగే నిలబడిపోయాడు. తోలలా, అదిలించలా. అది మొత్తం తిని, పళ్ళేన్ని మూతితో నెట్టి, పూలచెట్టులోకి తోసేసి పోయిందాకా చూశాడు. లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. ఇంక ఆ రోజు నుంచి "తిన్నాడు" అన్న మాట ఆయన నోట రాలా. నేనూ ఎత్తలా. నాకు అన్నం మాత్రం గుమ్మం ముందు పెట్టడం మానేశాడు. జబ్బు లేదు, గిబ్బు లేదు అని తలుపు తీయించి చేతికే ఇచ్చేవాడు. నేను తినడం మొదలెట్టిందాకా మెట్ల మీద కూర్చుని చూసేవాడు.

జనవరిలో గుండె నొప్పని ఆస్పత్రిలో వేశారు. లోపలికి రానివ్వరు. ఫోన్ చేస్తే నర్సు, "హీ ఈజ్ గ్రాండ్, నిద్రపోతన్నాడు" అంది. మంచి పిల్లే. నాకు మాట వద్దమ్మా, మనిషిని చూపించు అన్నా. వీడియోలో చూపించింది. మిషన్లు మోగతన్నాయి. వేళ్ళతో మంచం చువ్వ మీద కొడతన్నాడు, రెండు, ఆగి, రెండు. నేను ఇక్కడ ఫోన్ మీద గోరుతో కొట్టా. ఆయనకి వినపడిందో లేదో...

టీ చల్లారిపోయినట్టుందే. పోనీలే, ఇట్టా తే. ఇంద, గిన్నె పట్టుకో. బల్ల మీద పెట్టకు, రెండు చేతులా పట్టుకో. ఆఁ. ములక్కాడ పప్పు, ఇంకా వేడిగానే ఉంది. ఒక ముద్ద కలుపుకో ముందు, నేను చూస్తా.