జారిన బెల్టు

ఆదోని, 1984. జిన్నింగు మిల్లు ఫిట్టరు డాక్టరమ్మ ముందర నిలబడినాడు. లోపల మంచం మీద కొడుకు, నాలుగు దినాలుగా రక్తవిరేచనాలు.

"ఎప్పుడూ వేసే క్యాప్సూలే కదమ్మా! ఈసారి ఎందుకు పనిచేయలే?"

"పేగుల్లోని క్రిమిలో ఆ మందును ఎదిరించే జన్యువు నిద్రపోతూ ఉండింది. చోటు మార్చి ఎగిరే చిన్న జన్యు తునక ఒకటి దాని పక్కన పడి లేపింది."

"ఖాళీగా తిరిగే పుల్లీ మీది బెల్టు పక్క పుల్లీ మీదికి జారి, ఆపిన జిన్ను మిషను తిరిగినట్లా?"

"అంతే. ఆ జారడం నీ తప్పు కాదు. కానీ నువ్వు ప్రతిసారీ రెండు క్యాప్సూళ్లు మింగించి, తగ్గగానే మిగిలినవి దాస్తివి. మెత్తని క్రిములన్నీ చచ్చి, ఈ మొండిదే మిగిలి పెరిగింది."

"ఇప్పుడెట్ల?"

"వేరే మందు సూదితో ఇస్తా. దాచినవి యాడ? ఇట్లియ్యి."

అతని చేయి ఖాళీ జేబులోనే ఆగిపోయింది.

"ఇంట్లోనే ఉండాయమ్మా. పొద్దున మా చిన్న కూతురికీ విరేచనాలు పట్టుకున్నాయి. వాటిలోదే ఒకటి మింగించి వచ్చినా."