జేబులో నిప్పు

మందుల కొట్టు వెనక గదిలో, మందులు కలిపే ఆయన పొగలు కక్కుతున్న జేబుతో నిలబడ్డాడు. ఆయన భార్య చెంబెడు నీళ్ళు ఆ జేబు మీద గుమ్మరించి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

“మళ్ళీ జేబేనా?”

“ఈసారి కుడిది. ఎడమది నిన్ననే పోయిందిగా.”

“కుదురుగా నడవమంటే వినరు! జేబులో ఆ నిప్పుపుల్లలు ఒకదానికొకటి రాసుకోవూ మరి?”

“అంతా నీవల్లే. నేను మందు కలిపిన పుల్లని నేలకేసి గీకి భగ్గుమనిపించింది ఎవరు?”

“దాన్ని కడక్కుండా ఎండబెట్టింది ఎవరు? అంటుకున్న మందు వదలగొడదామని గీకాను. నిప్పు పుడుతుందని కలగన్నానా?”

“ఆ రోజు ఇద్దరం గంతులేశాం.”

“ఇప్పుడు మీరొక్కరే వేస్తున్నారు.”

“నవ్వకు. వీటిని అమ్మితే ఊరందరి లాగులూ కాల్తాయి.”

“మీ అమ్మగారు మన గురించి ఊరికే అన్లేదు. విడివిడిగా ఇద్దరూ బంగారమేనట, ఒక్కచోట చేరితేనే కొంప అంటుకుంటుందట.”

“ఏమన్నావు? మళ్ళీ అను!”

“అన్నది మీ అమ్మగారు. నా మీద పడకండి.”

“కాదే! ఆ మందులో రెండు సరుకులు కలిపాం కదా. ఒకటి పుల్లకి, రెండోది పుల్లలు దాచే పెట్టె అంచుకి పూస్తే?”

ఆమె నవ్వు టక్కున ఆగింది.

“అప్పుడు పెట్టెకేసి గీస్తే తప్ప…”

“జేబులో పుల్ల బుద్ధిగా పడుంటుంది!”

“అమ్మమ్మమ్మా! పదండి, కలుపుదాం!”

“మా అమ్మ లెక్కన పుల్ల నేను, పెట్టె నువ్వు.”

“నేనెందుకండీ పెట్టె? లావయ్యాననేగా మీ ఉద్దేశం?”

“చూశావా, అంటుకుంది!”