శాటిలైట్‌తోని పేంచ్ పెట్టిన బాలనర్సింహ

శాలిబండ చౌరస్తా కాడి చాయ్ హోటల్ల వామన్‌రావు రెండో చాయ్ తాగుతున్నడు గని, పానమంత ఇంటికాడనే ఉన్నది. బాత్రూంల జారిపడి కాలు విరగ్గొట్టుకున్న భార్య రాధాబాయి కట్టుతోని మంచంల పడి ఉన్నది. కేబుల్ బందయి వారమాయె. పొద్దుగాల టీవీల హారతి చూడకుంటె ఆమెకు తెల్లారినట్టే ఉండదు. "ఇయ్యాల పొద్దుగూకేలోపు టీవీ పలకకుంటె అన్నం ముట్ట" అని ఒట్టు పెట్టుకున్నది. ఉత్తగ ఒట్లు పెట్టుకునే మనిషి గాదాయె, వామన్‌రావుకు గదే భయం.

నెలనెలా పైసలు కట్టకుంట టీవీ చూడాలంటె రెండే తొవ్వలు: ఫ్రీ డిష్ పెట్టుడు, లేకుంటె ఏరియల్ పెట్టుడు. డిష్షులు బిగించే మున్నా సామాన్ల డబ్బా ఒళ్లె పెట్టుకొని పక్కనే కూసున్నడు. ఎటూ తేలక వామన్‌రావు, "టీవీ రాకుంటె మా రాధ అన్నం ముట్టనంటున్నది. రెండిట్ల ఏది మంచిదంటరు?" అని బయటికే అన్నడు. ఎదురుంగ ఉన్నదేమో జహనుమా బస్తీల ఉండే బాలనర్సింహ. ఆయన మాటలు కోటలు దాటుతయని బస్తీల చిన్న పోరగానికి గూడ ఎరుకే.

"డిషా? థూ! నాలుగు చినుకులు పడితె మూగబోతది. ఏరియల్ పెట్టు రావుసాబ్. పోయిన పతంగుల సీజన్ల మా డాబా మీద నేనొకటి పెట్టిన. ఏం లేదు, చిన్నది, మూడు పుల్లలది. బొమ్మ ఎంత సాఫ్ అంటె, వార్తలు చదివేటామె కమ్మల మీది పువ్వు రేకులు లెక్కపెట్టొచ్చు."

"గా వార్తలొక్కటేనా వచ్చేది?" అన్నడు వామన్‌రావు.

"జర ఆగు, చెప్తున్న గదా! బస్తీల తెగిన పతంగులన్ని వచ్చి మా ఏరియల్‌కే చుట్టుకున్నయి. పది గాదు, వంద గాదు, వెయ్యి! గాలి లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏరియల్ పైకి లేవబట్టె. ఏరియల్‌తోని డాబా, డాబాతోని నేను! కిందికి చూస్తె బహదూర్‌పురా జూల ఏనుగులు చీమల లెక్క. మా ఇంటామె బుచ్చమ్మ పొయ్యి మీద పప్పు పెట్టింది, గిన్నె కదల్లే. గంత పైలంగ లేచినం."

"మరి టీవీ?" అన్నడు మున్నా.

"గదే మజా! పైకి పోయినకొద్ది చానళ్లు పెరగబట్టె. ఢిల్లీ వచ్చె, దుబాయి వచ్చె. ఒకదాంట్ల రేపటి వార్తలు గూడ చదువుతున్నరు!"

ఈ మాటల్ల సగానికి సగం కోతలేనని వామన్‌రావుకు తెలుసు. అయినా మనసు ఏరియల్ దిక్కే గుంజుతున్నది. మిగిలిన సగం నిజమైనా రాధ అన్నం తింటది గదా అని ఆశ.

"మీద శాటిలైట్ కనబడ్డది, గంపంత. పతంగుల మాంజా పోయి దానికి చిక్కె. పేంచ్ పడ్డది భాయ్, దారాల కొట్లాట! నేను దారం వదిలి ఢీల్ ఇచ్చిన, అది గుంజింది. నేను గుంజిన, అది కుయ్యోమన్నది. ఒక్క ఝట్కా... ఆఫా అని ఒర్రిన! శాటిలైట్ కట్! పట్నంల డిష్షులన్ని బంద్. పెద్దపెద్దోళ్లు ఫోన్ల మీద ఫోన్లు, నర్సింహన్నా, మళ్ల ముడెయ్యవా అని. పాపమనిపించి ఏసిన. ఇయ్యాల డిష్షులు నడుస్తున్నయంటె నా ముడి మీదనే!"

వామన్‌రావు గ్లాసు కింద పెట్టిండు. "అవన్ని సరే నర్సింహా. రేపు పొద్దుగాల మా ఇంట్ల హారతి వస్తదా, రాదా? గదొక్కటి చెప్పు."

"వస్తది... గాలిని బట్టి."

మున్నా మెడ గోక్కున్నడు. "అన్నా, నీ ఇజ్జత్ తియ్యొద్దని ఇంతసేపు ఊకున్న. గని అక్కడ పెద్దమనిషి అన్నం మానేస్తదంటున్నరు. మొన్న మీ ఇంటికాడ డిష్ బిగించింది నేనే గదా? నెలసంది ఒక్క బొమ్మ వస్తలేదని బుచ్చమ్మక్క పిలిపించె. ఏరియల్ పీకేసి దాని పైపుకే డిష్ బిగిస్తి. పీకిన పుల్లల మీద అక్క మిరపకాయలు ఆరేసుకున్నది."

హోటలంత గొల్లుమన్నది. "ఇంట్ల ముచ్చట బయటేయొద్దని దానికి ఎన్నిసార్లు చెప్పాలె" అని గొణిగిండు బాలనర్సింహ.

వామన్‌రావు లేచిండు. వారం సంది మొదటిసారి ఆయనకు నవ్వొచ్చింది. "నడువ్ మున్నా, పొద్దుగూకుతది. నర్సింహా, నువ్వు గూడ రా. డిష్ బిగించేటప్పుడు పైపు పట్టుకునేటందుకు ఒక మనిషి కావాలె."